చీకటి నవలలు చదివాక లైబ్రరీ సిబ్బంది కార్డు మీద ఏం రాయాలి? (ఒక చర్చ; ప్రతి అంకె పక్కన ఉన్నది రాసినవారి మారుపేరు)

1. అరల మధ్య

హారర్, థ్రిల్లర్, అపరాధ పరిశోధన నవలలు చదివిన లైబ్రరీ సిబ్బంది తమ స్పందనను ఒక కార్డు మీద రాసి పెట్టుకోవడం పాత పద్ధతే. ఎవరైనా కౌంటర్ దగ్గరికొచ్చి "ఇలాంటిదే ఇంకోటి ఇవ్వండి" అన్నప్పుడు ఆ కార్డు అక్కరకు రావాలి. ఎక్కువ కార్డుల మీద మాత్రం "చాలా బాగుంది" అనో "మరీ భయంకరం" అనో రాసి ఉంటుంది. రాసినవాళ్ల అభిరుచి తెలుస్తుంది కానీ పుస్తకం సంగతి తెలియదు. ఆ కార్డు పట్టుకుని ఇంకో ఉద్యోగి ఎవరికీ ఏమీ సూచించలేరు.

నా ప్రశ్నలు ఇవి. స్పందనను ఏ వివరాలతో రాస్తే పక్కవాళ్లకి ఉపయోగపడుతుంది? రహస్యం బయటపడకుండా ఎలా రాయాలి? రక్తపాతం, పసిపిల్లల మీద హింస లాంటివి ఎక్కడ నమోదు చేయాలి? చదివినవాళ్లకి అసలు నచ్చకపోతే ఆ సంగతి రాయాలా, వద్దా? ఈ పని తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

2. సూచీపత్రం

ముందు "భయం" అన్న ఒక్క మాటను విడగొట్టాలండీ. అక్కడే సగం పని అయిపోతుంది.

మన అలంకార శాస్త్రం ఈ పని ఎప్పుడో చేసి పెట్టింది. నాట్యశాస్త్రం చెప్పిన 8 రసాల్లో భయానకం వేరు, బీభత్సం వేరు. మొదటిదానికి స్థాయీభావం, అంటే మూలంగా నిలిచే భావం, భయం; రెండోదానికి జుగుప్స, అంటే రోత. తలుపు అవతల ఏదో కదిలిన చప్పుడు భయానకం. తలుపు తీశాక కనిపించిన శవం వర్ణన బీభత్సం. మొదటిది కోరి వచ్చే పాఠకులు రెండోది చూసి పుస్తకం మూసేస్తారు. "భయంకరం" అని రాసిన కార్డులో ఈ రెండూ కలిసిపోతాయి.

ఇంగ్లీషులో గాథిక్ నవలలు రాసిన ఆన్ రాడ్‌క్లిఫ్ కూడా ఇదే తేడా పట్టుకుంది. ఆవిడ చనిపోయాక 1826లో అచ్చయిన వ్యాసంలో, టెర్రర్ మనసును విప్పార్చి ఇంద్రియాలను మేలుకొలుపుతుందనీ, హారర్ వాటిని ముడుచుకుపోయేలా చేసి గడ్డకట్టిస్తుందనీ అంటుంది. కార్డు రాసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న కూడా అదే: చదువుతుంటే ఒళ్లంతా చెవులైందా, కళ్లు పక్కకి తిప్పుకోవాలనిపించిందా?

ఇంకా రెండు రకాలు విడిగా రాసుకోవాలి. ఒకటి ఉలికిపాటు, అంటే ఒక వాక్యంలో వచ్చి పోయేది. రెండోది బెంగ. పుస్తకం మూసిన రెండు రోజుల తర్వాత కూడా వదలనిది. బెంగ మిగిల్చే పుస్తకాల్లో తరచూ హత్యే ఉండదు. కాబట్టి హింస ఎంత ఉందని చూసి చీకటి ఎంత ఉందో చెప్పడం కుదరదు.

శరీరంలో వచ్చిన మార్పు రాయడం ఇంకా నికార్సైన పద్ధతి. మనసులోని భావం ఒంటి మీద కనబడే సాత్త్విక భావాల జాబితా ఇందుకు బాగా పనికొస్తుంది: స్తంభం (కొయ్యబారడం), స్వేదం (చెమట), రోమాంచం (ఒళ్లు గగుర్పొడవడం), వేపథువు (వణుకు). "నాలుగో అధ్యాయం చివర రోమాంచం, తొమ్మిదిలో కడుపులో తిప్పింది" అని రాస్తే, చదివిన ఉద్యోగి రుచి ఏదైనా సరే, ఆ కార్డు చూసేవాళ్లకి పుస్తకం అందుతుంది.

3. రాత్రి దీపం

సూచీపత్రం గారూ, చక్కగా చెప్పారు. ఒక్క మాట కలుపుతాను. పేజీ నంబరు రాసేటప్పుడు జాగ్రత్త. ఒకే నవల గట్టి అట్ట ముద్రణలో 288 పుటలు ఉంటే, పాకెట్ సైజులో 412 ఉండొచ్చు. ఈ-పుస్తకంలో అక్షరాల సైజు మార్చితే పేజీలే మారిపోతాయి. అందుకని స్థానాన్ని వంతుల్లో రాయండి. 336 పుటల్లో 84వ పుట అంటే పావు వంతు. "పావు దగ్గర మొదటి మరణం" అని రాస్తే ఏ ముద్రణకైనా సరిపోతుంది.

వేగం కూడా అలాగే. "చకచకా సాగుతుంది" అన్న మాట ఎవరికి వారు ఒక రకంగా అర్థం చేసుకుంటారు. మూడు అంకెలు రాయండి చాలు. అధ్యాయాలు సగటున ఎన్ని పుటలు, మొదటి ప్రమాదం ఏ వంతులో, కథ ఎన్నాళ్లలో జరుగుతుంది. 5 పుటల అధ్యాయాలు, పదో వంతులోనే ప్రమాదం, మొత్తం 36 గంటల కథ అంటే అది ఏ జాతి పుస్తకమో ఇంకేం చెప్పక్కర్లేదు. 30 పుటల అధ్యాయాలు, సగం దాటాక ప్రమాదం, మూడు తరాల కథ అంటే అది మెల్లగా ఉడికే పుస్తకం. రెండింటికీ వెనక అట్ట మీద "ఊపిరి బిగపట్టించే" అనే అచ్చు వేస్తారు. అట్ట మీది మాటల్ని కార్డులోకి ఎత్తి రాయకండి.

4. అడుగుజాడ

రహస్యం దాచడం గురించి. అరల మధ్య గారు అడిగినవాటిలో తెలుగులో రాసేవాళ్లకి అన్నిటికంటే కష్టమైనది ఇదే. మన మాట చివరే లింగం చెప్పేస్తుంది.

"చివరికి హంతకుడు ఎవరో తెలిసేసరికి" అని అమాయకంగా రాస్తాం. హంతకుడు అన్నాం కాబట్టి నవలలో ఉన్న ఐదుగురు ఆడవాళ్లూ అనుమానితుల జాబితాలోంచి తప్పుకున్నారు. పన్నెండు మంది అనుమానితుల్లో ఐదుగురు ఒక్క "-డు" దగ్గర పోయారు. "హంతకురాలు" అని రాస్తే ఇంకోవైపు దొర్లుతుంది. దారి ఏమిటంటే బహువచనం లేదా లింగం తెలియని నామపదం పట్టుకోవడం. "హంతకులెవరో", "చంపినవారెవరో", "హత్య వెనక ఎవరున్నారో". గౌరవవాచకపు "-రు" లింగాన్నీ కప్పేస్తుంది, ఒకరా ఇద్దరా అన్న సంగతినీ కప్పేస్తుంది. ఇంత మంచి ముసుగు మన భాషలోనే ఉండగా వాడుకోకపోతే ఎలా?

ఉత్తమ పురుషలో సాగే నవలల్లో ఇంకో చిక్కు. "నేను వెళ్లాను, చూశాను" అన్నంతసేపూ కథ చెప్పేది ఆడో మగో తెలియదు. రచయిత కావాలనే దాచి ఉండొచ్చు. కార్డు మీద "కథ చెప్పే అమ్మాయి" అని రాస్తే ఆ దాపరికం కాస్తా పోయింది. "కథ చెప్పే పాత్ర" అనండి.

ఇంగ్లీషు నుంచి వచ్చిన అనువాదాలైతే మూలాన్ని ఒకసారి తిరగేసి చూడటం మంచిది. మూలంలో హంతకుల్ని సూచించే మాటకి లింగం ఉండదు. తెలుగులో అనువాదకులు ఒక్కోసారి లింగం తెలిసిపోయే మాట వాడేస్తారు. అక్కడ పొరపాటున గుట్టు బయటపడితే ఆ సంగతి కార్డు మీద రాయాలి: "అనువాదంలో రహస్యం ముందే తెలుస్తుంది, ఇంగ్లీషు చదవగలిగితే మూలం ఇవ్వండి." ఇది పాఠకులకి నిజంగా మేలు చేసే వాక్యం.

కథాసంగ్రహానికి ఒక హద్దు పెట్టుకోండి. మొదటి మూడో వంతు దాటాక జరిగే ఏ సంఘటనా కార్డు ముందువైపు రాయకూడదు. ఆ తర్వాతి భాగం గురించి ఎలా ఉందో చెప్పొచ్చు, ఏం జరిగిందో చెప్పకూడదు.

5. పెన్సిల్ గీత

అడుగుజాడ గారి మాటకి ఒకటి కలుపుతాను. కార్డు మీద ఇంత జాగ్రత్త పడి, క్యాటలాగ్‌లో గుట్టు విప్పేస్తుంటారు. నవలకి విషయ శీర్షికలు, అంటే పుస్తకం దేని గురించో చెప్పే మాటలు, ఇచ్చేటప్పుడు "ద్వంద్వ వ్యక్తిత్వం", "బీమా మోసం", "కవల సోదరులు" లాంటివి వేస్తే, ఆన్‌లైన్ క్యాటలాగ్‌లో పేరు వెతికిన ప్రతివాళ్లకీ పరిష్కారం కనిపిస్తుంది. వేరే లైబ్రరీ రికార్డు దింపుకున్నప్పుడు ఈ శీర్షికలు వాటంతట అవే వచ్చేస్తాయి, ఎవరూ కళ్లు పెట్టి చూడరు. సస్పెన్స్ నవలల రికార్డుల్లో విషయ శీర్షికల భాగాన్ని విడిగా తనిఖీ చేసి, పరిష్కారం చెప్పేవి తీసేసి, వృత్తి, నేపథ్యం, కాలం చెప్పేవి ఉంచాలి. "వైద్యులు", "దీవులు", "శీతాకాలం". ఇవి చాలు.

6. తెరవని తలుపు

నేను కాస్త వేరుగా అంటాను. రహస్యం గురించి మరీ ఇంత భయం అవసరమా?

2011లో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ముగింపు ముందే చెప్పి కథలు చదివించారు. అందులో మిస్టరీ కథలూ ఉన్నాయి, చివరి మలుపు మీద నడిచే కథలూ ఉన్నాయి. ముగింపు తెలిసి చదివినవాళ్లే ఆ కథల్ని కొంచెం ఎక్కువ ఇష్టపడ్డారు. దీని అర్థం ముగింపులు చాటింపు వేయమని కాదు. భయపడే పాఠకులకి ముగింపు చెప్పడం ఒక్కోసారి తలుపు తీసినట్టవుతుందని. "ఆ పిల్ల బతుకుతుందా? అది ఒక్కటి చెప్పండి, చదువుతాను" అనేవాళ్లు ఉంటారు. చెప్పాలి. చెబితే ఆ పుస్తకం చదువుతారు, లేకపోతే అరలో ఉంటుంది.

సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు ఉదాహరణ తెలిసిందే కదా. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటున్నారు, బాంబు పేలింది. ప్రేక్షకులకి 15 క్షణాల ఆశ్చర్యం. అదే బాంబు ఉందని ప్రేక్షకులకి ముందే చూపిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. అంటే ఉత్కంఠకి తెలియకపోవడం ఎంత అవసరమో తెలియడమూ అంతే అవసరం. కార్డు మీద ఇది రాసి తీరాలి: పాఠకులకి పాత్రల కంటే ఎక్కువ తెలుసా, తక్కువ తెలుసా, సమానంగా తెలుసా? ఎక్కువ తెలిస్తే ఉత్కంఠ నవల. తక్కువ తెలిస్తే మిస్టరీ. సమానంగా తెలిస్తే చాలావరకు హారర్. అర మీది స్టిక్కర్ కంటే ఈ ఒక్క ముక్క ఎక్కువ పనిచేస్తుంది.

7. అడుగుజాడ

తెరవని తలుపు గారూ, ఆ పరిశోధనలో వాడినవి చిన్న కథలు. అరగంటలో అయిపోయే కథకి వర్తించేది 400 పుటల నవలకి వర్తిస్తుందని అనుకోలేం. నవలలో పాఠకులు రోజుల తరబడి తమ ఊహను పెంచుకుంటారు. ఆ ఊహే వాళ్ల పెట్టుబడి. అడిగినవాళ్లకి చెప్పడంలో నాకు అభ్యంతరం లేదు. అడగనివాళ్ల కంట పడేలా రాయొద్దనే నా మాట. ముగింపు కార్డు వెనకవైపు రాయండి, అడిగితే తిప్పి చూసి చెప్పొచ్చు.

తెలుసు, తెలియదు అన్న మీ లెక్క మాత్రం అద్భుతంగా ఉంది. కార్డులో రెండో గడిగా పెట్టదగ్గది.

8. కౌంటర్ గడియారం

కార్డు ఎంత బాగున్నా కౌంటర్ దగ్గర ప్రశ్న సరిగా వేయకపోతే దండగే. "మీకు హారర్ ఇష్టమా, థ్రిల్లర్ ఇష్టమా?" అని అడగకండి. ఆ పేర్లు ప్రచురణకర్తలవి. ఇటలీలో అపరాధ నవలల్నీ, తర్వాత ఆ తరహా సినిమాల్నీ జాలో అంటారు, అంటే పసుపు. 1929 నుంచి మొందదోరి సంస్థ వాటిని పసుపు అట్టలతో వేసింది కాబట్టి ఆ పేరు. పేరు అట్ట రంగును బట్టి పుట్టింది, లోపలి సరుకుని బట్టి కాదు.

"ఈమధ్య చదివినవాటిలో నచ్చింది ఏదైనా చెప్పండి, అందులో ఏం పట్టి లాగింది?" అని అడగండి. తర్వాత మాట్లాడనివ్వండి. వాళ్లు వాడే క్రియలు వినండి. "వదలబుద్ధి కాలేదు" అంటే కథ. "ఆయన పక్కనే నడిచినట్టుంది" అంటే పాత్ర. "ఆ ఇల్లు కళ్ల ముందే ఉంది" అంటే స్థలం. "ఎంత బాగా రాశారండీ" అంటే భాష. నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ వీటినే పుస్తకంలోకి వెళ్లే నాలుగు తలుపులు అంటుంది. సస్పెన్స్ పాఠకులందరూ కథ తలుపులోంచే వస్తారనుకోవడం పెద్ద పొరపాటు. పాత డిటెక్టివ్ సిరీస్‌లు వరసగా చదివేవాళ్లలో చాలామందికి హత్య ఒక సాకు, వాళ్లకి కావలసింది ఆ డిటెక్టివ్ సావాసం. వాళ్లకి హడావుడి థ్రిల్లర్ ఇస్తే రెండో రోజే తిరిగొస్తుంది.

మూడు పుస్తకాలు చేతికివ్వండి. ఒకటి వాళ్లు చెప్పినదానికి దగ్గరది, ఒకటి కాస్త చీకటి తగ్గినది, ఒకటి కాస్త ఎక్కువైనది. ఐదు దాటితే ఎంచుకోలేక ఏదీ తీసుకోకుండా వెళ్లిపోతారు. "ఇది మీరు తట్టుకోలేరు" అనే మాట ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వయసునీ, ఆడా మగా అన్నదాన్నీ చూసి చీకటి కొలవడం ఈ పనిలో చేయకూడని తప్పు.

ఇంకో సంగతి. గొంతు తగ్గించండి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్నది వాళ్ల సొంత విషయం. వెనక వరసలో నిలబడ్డవాళ్లకి వినపడేలా "పోయినసారి ఆ నరహంతకుల పుస్తకం తీసుకున్నారు కదా" అనకూడదు. ఇచ్చిన పుస్తకం తిరిగొచ్చాక ఆ సభ్యుల పేరుతో ఉన్న లంకెను సాఫ్ట్‌వేర్ చెరిపేసేలా పెట్టుకోవడం అన్నిటికంటే భద్రం. పాఠకులే కోరితే తప్ప చరిత్ర ఉంచకూడదు.

9. పాత పాఠకురాలు

అరల మధ్య గారి మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. హింస ఎక్కడ రాయాలి?

కార్డు వెనకవైపు, ముగింపు కింద. నాలుగు సంగతులు తప్పకుండా రాయాలి: పిల్లలకి హాని, లైంగిక హింస, ఆత్మహత్య, పెంపుడు జంతువు మరణం. నాలుగోది చిన్నదనుకుని వదిలేస్తారు. వందమంది మనుషులు చచ్చే నవలను నిబ్బరంగా చదివి, కుక్క చచ్చే పుట దగ్గర పుస్తకం తెచ్చి ఇచ్చేసేవాళ్లుంటారు. వాళ్ల బాధ నిజమైనది.

ప్రతిదానికీ మూడు మాటలు కలపండి. కళ్లముందు జరుగుతుందా, తెరవెనక జరిగి ఒకరు చెబితే తెలుస్తుందా. ఎంత సేపు, అంటే ఒక వాక్యమా, రెండు పుటలా, అధ్యాయమంతానా. దాటేసి చదివితే కథ అర్థమవుతుందా. ఈ మూడోది అన్నిటికంటే ఉపయోగం. "ఆరో అధ్యాయంలో రెండు పుటల చిత్రహింస, దాటేసినా కథ తెగదు" అని చెప్పగలిగితే ఆ పాఠకులు నిశ్చింతగా తీసుకెళ్తారు.

ముందువైపు రాయకపోవడానికి కారణం రెండు రకాలు. "ఆత్మహత్య" అన్న మాటే కొన్ని నవలల్లో పరిష్కారం. పైగా వరసగా హెచ్చరికలు చూసి పుస్తకం మొత్తం అదేననుకుని వెనక్కి పెట్టేస్తారు.

"క్షుద్రం" అనే మాట కార్డు మీద వాడొద్దని గట్టిగా చెబుతాను. తెలుగులో ఆ ముక్కకి చేతబడి అనీ అర్థం, నీచం అనీ అర్థం. రాసినవాళ్లు మొదటిదే ఉద్దేశించినా, చదివినవాళ్లకి రెండోదీ వినిపిస్తుంది. మంత్రాలుంటే మంత్రాలు అని రాయండి, దెయ్యం ఉంటే దెయ్యం అనండి. దెయ్యం నిజంగా ఉందా, చివరికి మనిషి పనేనని తేలుతుందా అన్నది మాత్రం వెనకవైపు.

10. జిగురు సీసా

మాటల సంగతి మీరు చూసుకుంటున్నారు. వస్తువు సంగతి నేను చెబుతాను. సస్పెన్స్ నవల తిరిగొచ్చినప్పుడు తనిఖీ మిగతా పుస్తకాల్లా ఉండకూడదు.

నాలుగు చోట్లు చూడండి: మొదట్లో పాత్రల పట్టిక ఉంటే అది, విషయసూచిక, చివరి 20 పుటలు, వెనక అట్ట లోపలి వైపు. పాత్రల పట్టికలో ఒక పేరు చుట్టూ సున్నా చుట్టి "ఇతనే" అని రాసి పంపే అలవాటు కొందరికి ఉంటుంది. పెన్సిల్ అయితే మెత్తని తెల్ల వినైల్ రబ్బరుతో, మధ్య కుట్టు దగ్గర్నుంచి అంచు వైపు ఒకే దిక్కుగా తుడవాలి. అటూ ఇటూ రుద్దితే పలచని కాగితం ముడత పడి చిరుగుతుంది. రబ్బరు పొడి మెత్తని బ్రష్‌తో దులపాలి, లేకపోతే కుట్టులో ఇరుక్కుని పుటలు సరిగా మూసుకోవు. గట్టిగా నొక్కి రాసి ఉంటే సీసం పోయినా గాడి ఉంటుంది, ఏటవాలు వెలుతురులో పేరు చదవొచ్చు. సిరాతో రాస్తే తుడవడం సాధ్యం కాదు. కరెక్షన్ ద్రవం పూస్తే అది పెచ్చులూడి కింది పేరు మళ్లీ బయటపడుతుంది, పక్క పుటకి అంటుకుంటుంది కూడా. ఆ ప్రతిని మార్చడమే.

క్యాటలాగ్ రికార్డులో ఎన్ని పుటలని ఉందో చూసి, చివరి పుట నంబరుతో సరిపోల్చండి. ఏ పుస్తకానికైనా చివరి ఆకు ఊడిపోతే నష్టమే, కానీ సస్పెన్స్ నవలకి ఆ ఒక్క ఆకే పుస్తకం.

ఊడిన ఆకు దొరికితే లోపలి అంచున 3 మిల్లీమీటర్ల వెడల్పున పీవీఏ అనే తెల్ల జిగురు పలచగా రాసి, వెనక్కి నెట్టి కూర్చోబెట్టి, రెండు పక్కలా మైనపు కాగితం పెట్టి, బరువు కింద రాత్రంతా ఉంచాలి. సెల్లోటేపు అంటించకండి. కొన్నేళ్లకి పసుపెక్కి, అంటు పక్కలకి పాకి, అక్షరాల్ని మరకలు చేస్తుంది.

గట్టి అట్ట పుస్తకం అట్ట దగ్గర వదులైతే స్వెటర్ అల్లే సూదికి పీవీఏ పూసి, వెన్ను పక్కన ఖాళీలోకి పైనుంచి దించి తిప్పుతూ తీయాలి. తర్వాత కింది నుంచి అలాగే. గాడిలో ఎముక మడతకర్రతో (కాగితం మడత నొక్కే చదునైన పనిముట్టు) నొక్కి, మైనపు కాగితం పెట్టి, బరువు పెట్టాలి. లావుపాటి పేపర్‌బ్యాక్ థ్రిల్లర్ల సంగతి వేరు. వాటి వెన్ను వేడి జిగురుతో అతికినది. పాతబడితే పెళుసెక్కుతుంది. ఒంటి చేత్తో వెనక్కి మడిచి చదివితే సరిగ్గా ఆ మడత దగ్గర నిలువునా పగులుతుంది. పగులులో జిగురు పోస్తే ఇంకో చోట పగులుతుంది. పాత జిగురంతా గీకి, ఆకులన్నీ విడదీసి, అంచుల్ని విసనకర్రలా పరిచి రెండు వైపులా జిగురు పూసి మళ్లీ కట్టాలి, లేదా ప్రతి మార్చాలి.

11. రాత్రి దీపం

జిగురు సీసా గారూ, ఇది విడిగా ముద్రించి రిటర్న్ బల్ల మీద పెట్టుకోదగ్గది.

సిరీస్‌ల గురించి ఒక మాట. వరస నంబరు వెన్ను మీద కనిపించాలి. మూడో భాగం ముందు చదివితే మొదటి భాగంలో హంతకులెవరో మధ్యలో ఒక వాక్యంలో దొర్లిపోతుంది. అలాగే ఒకే నవల రెండు దేశాల్లో రెండు పేర్లతో ఉంటుంది. అగాథా క్రిస్టీ నవలల్లో కొన్ని బ్రిటన్‌లో ఒక పేరుతో, అమెరికాలో మరో పేరుతో వచ్చాయి. కొత్తదనుకుని తీసుకెళ్లి, పది పుటల్లో చదివిందేనని తెలిసి పాఠకులు విసుక్కుంటారు. కార్డు మీద రెండో పేరు కూడా రాయాలి.

ఆడియో పుస్తకాలకి విడి కార్డు పెట్టండి. చదివే గొంతు నిమిషానికి సుమారు 150 మాటలు, గంటకి 9,000. 90,000 మాటల నవల 10 గంటలు. కాగితం మీద కళ్లు పరిగెత్తించి దాటేసే రెండు పుటల చిత్రహింస చెవిలో నాలుగైదు నిమిషాలు సాగుతుంది. అదే పుస్తకం, చీకటి మాత్రం ఎక్కువ.

12. సూచీపత్రం

నచ్చకపోతే రాయాలా అన్న చివరి ప్రశ్నకి నా జవాబు: రాయాలి, కానీ ఎందుకు నచ్చలేదో పుస్తకంలోని వస్తువు చూపించి రాయాలి. "విసుగు" అనకుండా "మొదటి 90 పుటలు ఒకే గదిలో, ఒకే పాత్ర ఆలోచనల్లో" అని రాస్తే, మీకు విసుగు పుట్టించిందే ఇంకొకరికి కావలసింది కావచ్చు.

మొత్తం చదవాల్సిన పని కూడా లేదు. నాన్సీ పెర్ల్ సూత్రం ప్రకారం 50 పుటలు చూసి ఆపొచ్చు. 50 ఏళ్లు దాటినవాళ్లు 100 లోంచి వయసు తీసేసి, మిగిలినన్ని పుటలు చదివితే చాలు. ఆపేస్తే ఎక్కడ ఆపారో నిజాయితీగా రాయండి. సగంలో ఆపి ముగింపు గురించి రాయడం పాఠకుల్ని తప్పుదోవ పట్టించడమే.

వరసలో ముందు ఏం చదివారో కూడా ఒక మూల రాసుకోండి. వరసగా మూడు నరహంతక కథలు చదివాక నాలుగోది చప్పగా అనిపిస్తుంది. ఆ చప్పదనం నాలుగో పుస్తకానిది కాకపోవచ్చు, మొద్దుబారిన మనసుది కావచ్చు. చీకటివి రెండు, మధ్యలో వేరే రకం ఒకటి, ఇలా మార్చుకుంటే కొలత నిలుస్తుంది. ఒక్కరి మీదే ఈ అర మొత్తం వేయకుండా రకాలవారీగా పంచుకుంటే ఇంకా మంచిది. మనసు కలత పడి ఉన్న రోజుల్లో చీకటి పుస్తకం పక్కవాళ్లకి ఇచ్చేయడం పని ఎగ్గొట్టడం కాదు. ఆ రోజు రాసిన కార్డు ఎలాగూ సరిగా ఉండదు.

పాఠకులు "ఎలాంటి పుస్తకం ఇచ్చారండీ, రాత్రి నిద్ర లేదు" అని తిరిగొస్తే సమర్థించుకోకండి. ఏ చోట ఇబ్బంది అనిపించిందో అడిగి కార్డు వెనక చేర్చండి. పేరు రాయొద్దు, చోటు మాత్రమే.

13. అరల మధ్య

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవి కలిపి ఒక నమూనా కార్డు రాశాను, ఊహించిన నవలకి. తప్పులుంటే దిద్దండి.

*ముందువైపు:* 336 పుటలు, అధ్యాయం సగటున 8 పుటలు. కథాకాలం 9 రోజులు. వంతెన కూలి దారి తెగిన దీవి, ఒక హోటల్, పన్నెండు మంది. పావు వంతులో మొదటి మరణం. పాఠకులకి పాత్రల కంటే తక్కువ తెలుసు. కథ చెప్పే పాత్ర ఉత్తమ పురుష, మాట నమ్మదగ్గదో కాదో తేల్చుకోలేం. భయానకం ఎక్కువ, బీభత్సం దాదాపు లేదు. సగం దగ్గర మెట్ల దృశ్యంలో రోమాంచం. మధ్యలో 40 పుటలు విచారణ, నెమ్మది. తలుపు: స్థలం, తర్వాత కథ. చివరి మలుపు ఎవరూ ఊహించలేరు.

*వెనకవైపు:* ముగింపు నాలుగు వాక్యాల్లో. ముప్పావు దగ్గర కుక్క మరణం, తెరవెనక, ఒక వాక్యం, దాటేయొచ్చు. పిల్లలకి హాని లేదు. చివరికి అన్ని ముళ్లూ విప్పుకుంటాయి.

14. అడుగుజాడ

చాలా బాగా కుదిరింది. రెండు చోట్ల కలం పెట్టాలి.

"మాట నమ్మదగ్గదో కాదో తేల్చుకోలేం" అన్నది ముందువైపు నుంచి తీసేయండి. ఆ అనుమానం పాఠకులకి ఎన్నో పుటలో రావాలో రచయిత లెక్కవేసి పెట్టి ఉంటారు. మీరు మొదటి పుట కంటే ముందే ఇచ్చేస్తున్నారు. అది వెనకవైపుకి వెళ్లాలి.

"చివరి మలుపు ఎవరూ ఊహించలేరు" అన్నదీ అంతే. ఏ మలుపో చెప్పలేదు కదా అనిపిస్తుంది. కానీ మలుపు ఉందని తెలిసిన పాఠకులు మొదటి పుట నుంచీ దాన్నే వెతుకుతారు, ప్రతి పాత్రనూ తిరగేసి చూస్తారు, మూడో వంతుకే పట్టేస్తారు. ఆ వాక్యం బదులు "చివరి 50 పుటలు ఒక్క బిగిన చదవడానికి వీలు చూసుకోమని చెప్పండి" అని రాయండి.

15. అరల మధ్య

రెండూ మార్చాను. కుక్క సంగతి పక్కన "ముప్పావు" అన్నదానికి "ముప్పై రెండో అధ్యాయం మొదలు" అని కూడా చేర్చాను, అడిగినవాళ్లకి వెంటనే చూపించొచ్చని.